నేర్పితే పోయే కూర

రోజూ తెల్లారేసరికి ఆమె మిల్లు మెస్సులో ఉండేది. బుట్టెడు ఉల్లిపాయలు తరిగి, షిఫ్టు దిగి వచ్చే వాళ్ళందరికీ కూర వండేది. అంతా ఆమెను వంటక్క అనేవాళ్ళు. అన్నం మాడినా రొట్టె ఎండినా ఆమె కూరతో కంచాలు ఖాళీ అయిపోయేవి. "ఆకలి రుచెరగదంటారు గానీ, ఈమె దానికీ రుచి మప్పేసింది" అని మెస్సు యజమాని మురిసిపోయేవాడు.

ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకి మాత్రం ఆ కూర వాసన అమ్మ బట్టల్లోనే దొరికేది. వాళ్ళకింత పెట్టే పక్కింటి పిన్ని ఇల్లు మారిపోయాక, పిల్లలు ఎండు రొట్టె నములుతూ కూర్చునేవాళ్ళు.

పిల్లలకి వంట నేర్పేస్తే సరిపోదా అంటారేమో. ఆ ఇంట్లో చిక్కే అది. ఏ వంట నేర్పితే ఆ వంట నేర్పినవాళ్ళ చేతిలోంచి పోతుంది. వంటక్క తల్లి అన్నీ కూతురికి నేర్పేసి, చివరికి నీళ్ళు కాచినా మాడ్చేది. ఇరుగుపొరుగు దాన్నొక వింతగా చూడలేదు. కొందరికి బట్టతల వస్తుంది, వీళ్ళకి ఇది.

పిల్లల ముఖాలు చూడలేక వంటక్క పెద్దదానికి గుడ్డట్టు నేర్పింది. మర్నాటి నుంచి తను వేసిన అట్టు పెనాన్ని వదల్లేదు. పోతే పోయింది, మెస్సులో గుడ్లెవరు పెడతారు! తర్వాత అన్నం కూడా ఇచ్చేసింది, మెస్సులో అది వార్చే మనిషి వేరే ఉంది. కూర మాత్రం గట్టిగా పట్టుకుంది. అది పోతే నలుగురి ముందూ చెయ్యి చాపాల్సిందే.

ఎప్పుడో దొరికిన ఒక సెలవురోజు ఇంట్లో కూర వండుతుంటే పెద్దది వచ్చి ఆనుకుని నిలబడింది. చూస్తే పోదు, చెబితేనే పోతుంది.

"అమ్మా, ఉప్పు ఇప్పుడే వెయ్యవేం?"

ఎన్నాళ్ళకో కూతురు పక్కన నిలబడిన సంతోషంలో నోరు జారింది. "ముందే వేస్తే ఉల్లిపాయ నీళ్ళొదిలేస్తుంది తల్లీ. ఎర్రబడనీ, అప్పుడు వేద్దాం."

అన్నాక గరిటె ఎలా తిప్పాలో ఆమెకు తోచలేదు.

మర్నాడు మెస్సులో కూర కంచాల్లోనే మిగిలిపోయింది. యజమాని చెడ్డవాడు కాదు, కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. తర్వాత ఇంటికొచ్చి, పెద్దది వడ్డించిన కూర తిని తల దించుకున్నాడు.

"చెయ్యి ఇటొచ్చిందన్నమాట. పిల్లని పంపు వంటక్కా. లేదంటే వేరే మనిషిని చూసుకోవాలి."

"బడికెళ్ళే పిల్లయ్యా అది."

"తెలుసమ్మా."

పెద్దది ఏడుస్తూ అమ్మకి తిరిగి నేర్పబోయింది. ఎన్నిసార్లు చెప్పినా కూర మాడింది. పల్లానికి పారిన నీళ్ళు మెరకెక్కుతాయా!

ఇప్పుడు పెద్దది మెస్సుకి వెళ్తోంది. తండ్రి వయసు వాళ్ళు కూడా దాన్ని వంటక్కా అని పిలుస్తున్నారు. దాని ముంజేతుల నిండా కాలిన మచ్చలు.

మొన్న చిన్నది వంటింట్లోకి దూరింది. "అక్కా, నాకూ కూర నేర్పవా?"

పెద్దదాని గరిటె ఆగింది. ఒక్క మాట చెబితే చాలు, రేపటి నుంచి తను బడికి పోవచ్చు. గుమ్మం బయట నిలబడి తల్లి వింటోంది. ఏ జవాబు రావాలని కోరుకుంటోందో తనకే తెలియలేదు.

పెద్దది చెల్లెలి చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది. "పోయి చదువుకో. మళ్ళీ ఇటొచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా" అని లోపలికి పోయి గడియ వేసుకుంది.

తల్లి ఆ తలుపు ముందే కూలబడింది. అలా గడియ వేసుకోవడం ఆనాడు తనకి చేతకాలేదు.