సౌభాగ్యలక్ష్మి మూడు వెంట్రుకలు

శక్తినగర్ పవర్ ప్లాంటు కాలనీ ఆడవాళ్లు రాయచూరు బజారుకొస్తే ముందు ఆగేది సౌభాగ్యలక్ష్మి గాజుల దుకాణం దగ్గరే. అలాంటి మనిషి ఐదు నెలలుగా గల్లా వైపు రావడం లేదు. పాపిట పక్కన పేనుకొరుకుడు వచ్చి రూపాయి బిళ్లంత మేర నున్నగా అయిపోయింది మరి. మొగుడు పాండురంగయ్యను ముందు కూర్చోబెట్టి, తను వెనకగదిలో అట్టపెట్టెల మధ్య దాక్కుంది. ఆయనకు గాజుల సైజు తెలియదు, మాట కలపడం అసలే రాదు.

నెలకోసారి డాక్టరు నేహ ఆ మచ్చలో సన్నసూదులు పొడిచేది. దీపమున్న భూతద్దాన్ని నెత్తికి ఆనించి ఫోటో తీసి, తెరమీద తాంబాళమంత చేసి చూపించేది. ఈసారీ మొలక కనపడకపోతే సూదులు ఆపేద్దామని పోయిన నెలే చెప్పేసింది.

ఇవాళ తెరనిండా నల్లచుక్కలు.

డాక్టరు మొహం వాడిపోయింది. "పోయిన నెల పదే ఉన్నయమ్మా. చుక్క ఉంటే వెంట్రుక మొదట్లనే విరిగినట్టు. రోగం పెరిగింది."

సౌభాగ్యలక్ష్మి ఇక జన్మంతా అట్టపెట్టెలతోనే కాపురం అనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. డాక్టరు ఓదారుస్తూ తల నిమిరింది. వేలు నల్లగా అయింది.

"ఇదేందమ్మా?"

"కాటుక," అంది సౌభాగ్యలక్ష్మి గొణుగుతూ. "ఫోటో తీస్తరు కద, బోడిగ కనపడొద్దని జర పూసుకొచ్చిన. దుకాణమోళ్లం, సొట్టబోయిన దిక్కు గిరాకీకి చూపిస్తమా?"

డాక్టరు పడీ పడీ నవ్వింది. స్పిరిట్ దూదితో తుడిచి మళ్లీ ఫోటో తీసింది. చుక్కలు మాయం. నున్నటి చోట మూడు తెల్లవెంట్రుకలు నిలువునా లేచి నిలబడ్డాయి.

"కొత్తగ మొలిచేటివి ముందు తెల్లగనే వస్తయి. మందు పనిచేస్తున్నదమ్మా!"

నలభై దాటినప్పటి నుంచి ఒక్క తెల్లవెంట్రుకనూ బతకనివ్వని మనిషి ఆ తెరకు రెండు చేతులా మెటికలు విరిచింది. డాక్టరు బుగ్గలు పుణికింది. ఆటో ఎక్కి, కొంగు జారినా పట్టించుకోకుండా దుకాణంలో దిగింది.

పాండురంగయ్య ఒకావిడ చేతికి చిన్నగాజు ఎక్కించలేక చెమటలు కక్కుతున్నాడు. "లే, లే! ఇగ నేను కూసుంట," అని ఆయన్ని తోసేసి, ఆమె చెయ్యి అందుకుని తల వంచింది. ఆవిడ కాలనీ అంబుజ, పాత గిరాకీ. సంతోషం పట్టలేకపోయింది.

"ఎన్ని దినాలైంది అక్కా నిన్ను చూసి! అయ్యో, పాపిట కాడ మూడు తెల్లవెంట్రుకలున్నయి. పీకెయ్యనా?"

సౌభాగ్యలక్ష్మి రెండు చేతులతో నెత్తి పట్టుకుని వెనక్కి గెంతింది.

"ముట్టుకున్నవంటే చెయ్యి ఇరగ్గొడ్త!"