డెమో పాప

"నౌన్ ఈజ్ ఎ నేమింగ్ వర్డ్. వెర్బ్ ఈజ్ యాన్ యాక్షన్ వర్డ్. ఎ సెంటెన్స్ హ్యాజ్ టూ పార్ట్స్, సబ్జెక్ట్ అండ్ ప్రెడికేట్!"

ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పి ఉష చేతులు కట్టుకుంది. ఎండ మాడు పగలగొడుతోంది. పొద్దున్నుంచీ గడపగడపకూ ఇదే పాట. ఏడేళ్ల పిల్ల, మెడలో టై ఒరుసుకుపోతున్నా విప్పమని అడగదు. అడిగితే మాత్రం ఎవరు విప్పనిస్తారు గనక!

పక్కనే నిలోఫర్, చేతిలో కరపత్రాల కట్ట. మదనపల్లెలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఆమె గ్రామర్ టీచరు. వేసవి సెలవులు పిల్లలకే. టీచర్లు కురబలకోట చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి పిల్లల్ని పట్టుకురావాలి, లేకపోతే జూన్‌లో ఉద్యోగం ఊడినట్టే. నెలకు తొమ్మిది వేలు, అదీ ఒక జీతమేనా! అయినా తండ్రి పీర్ సాహెబ్ కళ్లు మసకబారి కుట్టుమిషన్ మూలపడ్డాక ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది దానితోనే. ఈ వేసవిలో ఆమె ఇంకా ఒక్కరినీ చేర్పించలేదు. ఈ ఇల్లు కూడా జారిపోతే ఇక బడికి రావద్దని కరెస్పాండెంటు సుబ్రమణ్యం కారులోనే చెప్పేశాడు. ఆ మాట విన్నప్పుడు ఆమెకు భయం కూడా వేయలేదు. మనసు ఎప్పుడో మొద్దుబారిపోయింది.

ఉష ఆ బడి ఆయా కాంతమ్మ కూతురు. కాంతమ్మ ఫీజు కట్టలేదు కాబట్టి సెలవుల్లో పిల్లను ఇలా ఊళ్లు తిప్పుకుంటారు. డెమో పాప అంటారు దాన్ని. పల్లెల్లో ఉన్నంతసేపూ నోట తెలుగు ముక్క రాకూడదని సార్ హుకుం. వస్తే అమ్మ పని పోతుందని కూడా ఆ పసిదానికి చెప్పి ఉంచారు, పుణ్యాత్ములు!

"అబ్బా, ఎట్ల మాట్లాడ్తాండాది సూడు!" గొర్రెల దొడ్డి దగ్గర నిలబడ్డ ఆ ఇంటి ఇల్లాలు అమరావతి ముక్కున వేలేసుకుంది. "మా పాపకూ ఇట్ల వస్తాదా మేడమ్?"

"వస్తాదక్కా," అంది నిలోఫర్. అన్ని గడపల్లోనూ అన్నదే.

"పొట్టేళ్లు అమ్మిన దుడ్లు ఇంట్లోనే ఉండాయి. ఇప్పుడే కట్టేస్తా," అంటూ లోపలికి పోబోయి, ఉష మొహం చూసి అమరావతి ఆగిపోయింది. పిల్ల పెదాలు ఎండి తెల్లబడి ఉన్నాయి.

"యాలమ్మా, మొగం అట్ల వాడిపోయింది? నీళ్లు తాగుతావా?"

ఉష తలెత్తింది. నిలోఫర్ వైపు చూసింది. వీధి మలుపులో ఆగి ఉన్న కారు వైపు చూసింది.

"సెప్పు తల్లీ, తాగుతావా?"

పిల్ల గుటక వేసింది. మళ్లీ చేతులు కట్టుకుని, "నౌన్ ఈజ్ ఎ నేమింగ్ వర్డ్..." అని మొదలుపెట్టింది.

అమరావతి నవ్వబోయి ఊరుకుంది. ఇంగ్లీషులో నీళ్లు అడగడం ఆ పిల్లకు రాదు. రాదని నిలోఫర్‌కు తెలుసు, నేర్పింది తనే కదా! వాక్యంలో భాగాలన్నీ బట్టీ పట్టించింది గానీ, దాహమేస్తోందని చెప్పుకోవడానికి ఒక్క వాక్యం నేర్పలేదు. అప్పజెప్పితే చాలు, తల్లిదండ్రులు పడిపోతారని సార్ అంటే తల ఊపింది.

కారు తలుపు చప్పుడైంది. సుబ్రమణ్యం నవ్వుతూ వచ్చాడు.

"ఏమ్మా, సూస్తివా మా పిల్లల తెలివి? ఉషా, పార్ట్స్ ఆఫ్ స్పీచ్ అన్నీ సెప్పు, అమ్మ ఇంటాది."

"సెప్పదు సార్," అంది నిలోఫర్.

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆమెకు వెంటనే తెలియలేదు.

"ఏంది?"

"పాప ఇంక సెప్పదు సార్. అక్కా, దానికి నీళ్లియ్యి."

అమరావతి చెంబు తెచ్చింది. ఉష రెండు చేతులా పట్టుకుని గటగటా తాగింది. సగం నీళ్లు చొక్కా మీదే పడ్డాయి.

"మేడమ్, నువ్వింక బడికాడికి రాబాకు," సుబ్రమణ్యం మెల్లగానే అన్నాడు. "మళ్ల వచ్చి ఏడిస్తే వినను."

"తెలుసు సార్." ఇంట్లో నాన్నకు ఏం చెప్పాలో ఆలోచించాలని ఆమెకు తోచింది గానీ, ఆలోచన సాగలేదు. అమరావతి వైపు తిరిగింది. "అక్కా, ఆ దుడ్లు దాసిపెట్టుకో. మా బడిలో నేర్పేది ఇంతే. నువ్విప్పుడు సూసిందే."

సుబ్రమణ్యం ఉష రెక్క పట్టుకుని కారెక్కించాడు. కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

అమరావతి ఖాళీ చెంబును దొడ్డి గోడ మీద బోర్లించింది.

"మా ఊరి బడిని పక్కూరి బడిలో కలిపేసిరి," అంది. "దోవలో పెద్ద రోడ్డు దాటాల. అంత దూరం పసిబిడ్డను ఒంటిగా పంపలేను. మీ బడి వద్దంటివి, సరే. మరి నా బిడ్డను యాడ సేర్పించేది మేడమ్? నువ్వు సదువుకున్నదానివి, నువ్వే సెప్పు."

నిలోఫర్ చేతిలోని కరపత్రాల కట్టను చూసుకుంది. అమరావతి కదలకుండా ఆమె మొహంలోకే చూస్తూ నిలబడింది.