ఫ్యాన్ లేని బోర్డు

ఆ ఆదివారం కూడా నా నుదుట కునుకు రాసిపెట్టి లేదు. ఆరు రోజులు బస్సు డిపోలో ఇంజన్ల కింద పడుకుని, ఏడో రోజు మా బామ్మర్ది కంప్యూటర్ల షాపులో స్టూలు మీద కూర్చున్నాను. నడుము నాది కాదన్నట్టుంది.

కారణం ఒక ఈల. మా ఆవిడ ఇంట్లో చిన్నగదిలో కూర్చుని, చూపు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. పన్నెండేళ్ళుగా అదే ఆమె ఉద్యోగం, అదే ఆమె ప్రాణం. ఈమధ్య ఆ పుస్తకాలిచ్చే లైబ్రరీ వాళ్ళు రికార్డింగులు వెనక్కి పంపుతున్నారు. మాటల వెనక సన్నగా ఈల వినిపిస్తోందట. ఇంకోసారి అలా వస్తే పుస్తకాలు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు.

ఇంజన్ శబ్దం వింటే చాలు, రోగమేమిటో చెప్పేస్తాను. డిపోలో నన్ను డాక్టరనే పిలుస్తారు. ఆ గర్వంతోనే హెడ్‌ఫోన్ పెట్టుకుని, "కంప్యూటర్లోదే, ఫ్యాను బేరింగు" అని తేల్చేశాను. డబ్బా ఫ్యాను మార్చాం, ప్రాసెసర్ ఫ్యాను మార్చాం. ఈల పోలేదు. ఇక మిగిలింది మదర్‌బోర్డు మీద చిప్పును చల్లబరిచే బుల్లి ఫ్యాను ఒక్కటే. నా తల ప్రాణం తోకకొచ్చి, బోర్డే మార్చేద్దామన్నాను.

బామ్మర్ది రెండు అట్టపెట్టెలు ముందు పెట్టాడు. "దీనికి ఫ్యాన్ లేదు బావా, కానీ అక్క మైకు తగిలించే సౌండ్‌కార్డు పట్టే పాత స్లాటు లేదు. దీనికి స్లాటుంది, ఫ్యానూ ఉంది."

"రెండూ కుదిరేది లేదురా?"

"పెళ్ళిచూపులకొచ్చినట్టు మాట్లాడకు. పోనీ ఇది చూడు, రంగురంగుల లైట్లు వెలుగుతాయి."

"లైట్లెందుకురా? మీ అక్క పాఠాలు చదువుతుంది, డాన్సు చెయ్యదు."

వాడు గొణుక్కుంటూ వెనక గదిలోకి వెళ్ళి, అరగంట వెతికి, దుమ్ము పట్టిన పెట్టె ఒకటి తెచ్చాడు. ఫ్యాను లేదు, స్లాటుంది, మా ప్రాసెసరూ పడుతుంది. పాత సరుకే, కానీ సీలు తీయలేదు.

ఇంటికొచ్చి బోర్డు బిగిస్తుంటే ఆవిడ గుమ్మంలో నిలబడింది. "తొందరేముందండీ, ముందు తిని పడుకోండి" అంది. రెండు రోజుల్లో పాఠం పంపాల్సిన మనిషి అనే మాటేనా అది? నాకు చిరాకేసింది, వినిపించుకోలేదు.

స్విచ్ వేశాను. ఫ్యాన్లన్నీ మార్చిన డబ్బా ఉందా లేదా అన్నట్టుంది. ఆవిడ చరిత్ర పాఠంలో ఒక పేజీ చదివింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను.

ఈల ఉంది.

ఏడుపొచ్చినంత పనయింది. మళ్ళీ విన్నాను. ఈసారి ఒకటి తట్టింది. ఆవిడ ఆగిన చోటే ఈల వస్తోంది. కామా దగ్గర కాస్త, ఫుల్‌స్టాప్ దగ్గర ఇంకాస్త. యంత్రానికి కామాలు తెలియవు కదా.

"నువ్వు కాసేపు బయటికెళ్ళు" అన్నాను. తలుపేసి ఖాళీ గదిని రికార్డు చేశాను. శుభ్రంగా ఉంది. మళ్ళీ పిలిచి మైకు ముందు కూర్చోబెట్టాను. "చదవకు. ఊరికే కూర్చో."

ఊరికే కూర్చుంది. ఈల. కాస్త ఆగి, మళ్ళీ ఈల.

చంకలో పిల్లనెట్టుకుని ఊరంతా వెతికాను. పక్కనే పడుకునే మనిషి ఛాతీలో కూత వినపడని నేను డాక్టర్నట. సిగ్గేసింది, భయమేసింది.

"నీకు తెలుసా?"

"ఆర్నెల్లయింది. మెట్లెక్కితే ఎక్కువవుతోంది."

"మరి షాపు చుట్టూ నన్నెందుకు తిప్పావ్?"

ఆవిడ మైకు వైర్ని వేలికి చుట్టుకుంది. "మీరంత గట్టిగా కంప్యూటర్దే అన్నారు కదండీ. అదే నిజమైతే బాగుండుననిపించింది."

ఫోన్ మోగింది. బామ్మర్ది. "ఏం బావా, బోర్డు ఎలా ఉంది? ఈల పోయిందా?"

"బోర్డు మంచిదేరా" అన్నాను. "రేపు పొద్దున్నే బండి తీసుకునిరా. మీ అక్కని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."