చేతులు లేవా?

అక్షరాల్లో తప్పులుంటే సర్దుకుని చదవండి. నేను చదువు నేర్చింది యాభై రెండో ఏట. ఇప్పటికీ ఒక పేజీ రాయాలంటే రెండు రోజులు పడుతుంది. ఒత్తు దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగుతుంది, పొయ్యి మీది పాలు గుర్తొస్తాయి, లేచి పోతాను. చరిత్ర రాసేవాళ్ళు తమ గురించి తాము కూడా ‘అతను’ అనే రాసుకుంటారని ఈ మధ్యనే ఒక పుస్తకంలో చూశాను. అందుకని నేనూ నా గురించి ‘ఆమె’ అనే రాస్తాను.

కెంపమ్మ పుస్తకాలు మడుస్తోంది. తార్పాయి రికార్డ్స్ అనే పాటల కంపెనీకి పదేళ్ళు నిండాయని గోపీచంద్ వేయించిన పుస్తకం, పదహారు పేజీలు, రెండు వందల ప్రతులు. అచ్చాఫీసువాళ్ళు మడిచే ఇస్తామన్నారట. “వద్దులెండి, ఇంట్లో అమ్మ ఉంది కదా” అన్నాడట ఇతను. ఆ మాట కూడా సంతోషంగానే వచ్చి చెప్పాడు, ఆమెకేదో గౌరవం చేసినట్టు. ఒక్కొక్కటే మడవాలి, నడుమ పిన్ను కొట్టాలి, క్యాసెట్టుతో పాటు తార్పాయి సంచిలో పెట్టి మూతి కుట్టేయాలి. వేలి కణుపులు అప్పుడే ఎర్రబడ్డాయి.

తార్పాయి అంటే లారీ సరుకు మీద కప్పే మందపాటి పట్ట. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర ఆమె భర్త నంజప్పకు తార్పాయిలు కుట్టే అంగడి ఉండేది. అంగడి ఆయనది, కుట్టేది ఆమె. ఆయన ముందర కుర్చీ వేసుకుని డ్రైవర్లతో మాట్లాడేవాడు. “నా కుట్టు ఆరు వానలకైనా కారదప్పా” అని తొడ మీద చరిచి చెప్పేవాడు. లోపల మిషను తొక్కుతూ ఆమె ఆ మాట ఇరవై ఏళ్ళు విన్నది. ఒకసారి బోర్డు మీద ఏం రాసిందో చదివి చెప్పమని అడిగితే అత్తగారు అందుకుంది: “నీకెందుకే అక్షరాలు? సూది కన్ను కనబడితే చాలదా?” సూది కన్ను బాగానే కనబడేది. బోర్డు మీద ఉన్నది నంజప్ప పేరని, తన పేరు ఎక్కడా లేదని మాత్రం ఆయన పోయిన నాలుగేళ్ళకు గానీ ఆమెకు కనబడలేదు.

ఆయన పోయిన మరుసటి ఏడే గోపీచంద్ వచ్చాడు. గుంటూరు వైపు నుంచి హోసూరు ఫ్యాక్టరీలో పనికి వచ్చిన కుర్రవాడు, వీపున గిటారు, వెంట మరో ముగ్గురు. హోసూరులో మూడు ఇళ్ళవాళ్ళు రొద భరించలేక వాళ్ళను ఖాళీ చేయించారట. అంగడి వెనక రేకుల షెడ్డు అద్దెకిస్తారా అని అడిగాడు. “ఈడ లారీల రొదలో మీ రొద ఎవురికి వినపడుతుందప్పా, వాయించుకోండి” అని తాళం చేతికిచ్చింది. వాళ్ళ బ్యాండు పేరు మూడో షిఫ్ట్. వాళ్ళు వాయించేది పంక్ రాక్ అట. మొదటి రోజే గోపీచంద్ ఆమెకు విడమరిచి చెప్పాడు: “మూడు స్వరాలు, రెండు నిమిషాలు, బోలెడంత కోపం. అంతేనమ్మా పంక్ అంటే. పెద్ద కంపెనీల గడప తొక్కం. ఎవరి అనుమతీ అడగం. ఎవరి పని వాళ్ళే చేసుకోవాలి, అదే మా సిద్ధాంతం.” ఆమెకు ఆ మాట ఎంత నచ్చిందో! నలభై తొమ్మిదేళ్ళ బతుకులో అలా అన్న మగవాణ్ణి చూడటం అదే మొదలు. నలుగురికీ సంగటి ముద్దలు, చెనక్కాయల చట్నీ పెట్టింది. తిని, సిద్ధాంతం ఇంకాస్త చెప్పి, ఎంగిలి తట్టలు అక్కడే వదిలేసి లేచిపోయారు. వారంలో అది అలవాటైంది, నెలలో హక్కు అయింది. బర్గూరు రాళ్ళ క్వారీల నుంచి ఒక బ్యాండు, కుందారపల్లి నుంచి ఇంకొకటి వచ్చి చేరాయి. ఎవరి పని వాళ్ళే చేసుకుంటున్నారు, సరే. మరి తట్టలు ఎవరు కడుగుతున్నారు?

పుస్తకం మడుస్తూనే కెంపమ్మ చదువుకుంటోంది. ఆమె చదువు నిదానం కాబట్టి ఒక్కో పుస్తకం మడిచేటప్పుడు ఒక్కో వాక్యం. పదో పుస్తకం నాటికి ‘దార్శనికుడైన గోపీచంద్’ దాకా వచ్చింది. దార్శనికుడంటే ఏమిటో తెలియలేదు. రాసింది గోపీచందే కాబట్టి మంచి మాటే అయి ఉంటుందనుకుంది. ఇరవై రెండో పుస్తకంలో తార్పాయి సంచి సంగతి వచ్చింది. ‘ఒక వానాకాలం సాయంత్రం, హైవే మీద తడుస్తూ పోతున్న లారీలను చూస్తుండగా గోపీచంద్‌కు ఆ ఆలోచన మెరిసింది’ అని ఉంది.

మెరవలేదు, కారింది. షెడ్డు రేకు కారి, మొట్టమొదటి యాభై క్యాసెట్ల కాగితం అట్టలు ముద్దయి పోయాయి. మర్నాడే బెంగుళూరులో కచేరీ. గోపీచంద్ తల పట్టుకుని కూర్చున్నాడు. చెప్పినా వినేలా లేడని కెంపమ్మ తనే పాత తార్పాయి ముక్కలు కత్తిరించి, మిషను మీద వేసి, తెల్లారి బస్సుకు యాభై సంచులు కుట్టి ఇచ్చింది. బెంగుళూరులో జనం పాటల కంటే సంచులనే ఎక్కువ తిప్పి చూశారట. కంపెనీకి ఆ పేరు వచ్చింది ఆ తర్వాతే. ఇదంతా అతనికి గుర్తు లేదా? ఉండే ఉంటుంది. కానీ రాసేటప్పుడు మనిషికి మెరుపు కావాలి, కారిన రేకు కింద గిన్నె పెట్టిన మనిషి ఎందుకు?

క్యాసెట్లకు నకళ్ళు తీసే పని కూడా ఆమె మీదే పడింది. ఫ్యాక్టరీ పనివేళల్లో వాళ్ళకు కుదిరేది కాదు. రెండు టేపుల మిషను వంటింటి గట్టు మీద పెట్టారు, కరెంటు సరిగా అందే ప్లగ్గు మిక్సీది ఒక్కటే కాబట్టి. ఒక పక్క పాట మోగుతుంటే ఇంకో పక్క ఎక్కుతుంది. ఒక వైపు ఇరవై నిమిషాలు. ఎసరు మరిగి, పిండి పడి, సంగటి ఉడికేసరికి ఒక వైపు అయిపోతుంది. చేయి కడుక్కుని వచ్చి తిప్పి వేయాలి. అట్టల మీద పాటల పేర్లు కూడా ఆమే రాసేది, అక్షరాలు రాకుండానే. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు నమూనా చూసి దించేది. ఒకసారి నమూనా మీద టీ చుక్క పడితే ఆ చుక్కను కూడా అరవై అట్టల మీద గుండ్రంగా గీసింది. అది చూసి పగలబడి నవ్వి, తర్వాత ఏడ్చినంత పని చేసి, పలక కొనుక్కొచ్చింది గంగాభవాని. కుప్పం పిల్ల, హోసూరు ఫ్యాక్టరీలో పని, మూడో షిఫ్ట్‌లో డ్రమ్ములు. “కెంపత్తా, ఇంత ముత్యాల్లాంటి చేత్తో నువ్వు చుక్కలు గీస్తా ఉంటే నాకు సిగ్గుగా ఉండాది. కూచో” అంది. అలా నేర్చుకున్న అక్షరాలు ఇవి.

అరవై ఒకటో పుస్తకం మడిచేటప్పుడు మూడో క్యాసెట్టు కథ వచ్చింది. కెంపమ్మ చేయి ఆగింది.

ఆ మూడో క్యాసెట్టు నకళ్ళు తీసిన మూడు రోజులూ ఆమెకు బాగా గుర్తున్నాయి. ముందురోజు గోపీచంద్ ఏదో చెప్పి ఎక్కించుకోవడానికి టేపు మిషనుకు మైకు తగిలించి, తీయకుండా పోయాడు. ఆమెకు ఆ సంగతి తెలియదు. పాట ఎక్కుతోంది, దాంతో పాటు వంటింట్లో ఆమె గొణుగుడూ ఎక్కుతోంది. ఒంటరిగా ఉండే ఆడది పొయ్యితో కాక ఎవరితో మాట్లాడుతుంది? “వచ్చినారు, తిన్నారు, పోయినారు. మొగుడు ఒకడే అనుకుంటే ఇప్పుడు పదిమంది. ఉప్పు తక్కువంట. డబ్బా ఎదురుగానే ఉండాది, చేతులు లేవా? నీళ్ళు కావాలంట. కుండ ఆడనే ఉండాది, చేతులు లేవా?” నలభై క్యాసెట్లు, నలభై సార్లు, ఏ రెండూ ఒకటి కాకుండా, చేతులు లేవా మాత్రం అన్నిట్లోనూ పడింది.

తెలిసిన రోజు గోపీచంద్ ఎంత ఎగిరాడని! “ఏం పని చేశారమ్మా? అన్నీ అమ్మేశాం. పరువంతా పోయింది. చదువు లేనివాళ్ళకు మిషను అప్పజెప్పడం నాదే తప్పు.” మైకు వదిలింది అతనే. అయినా ఆమే ఏడ్చింది, ఆమే తప్పయిందంది, ఆ పూట కోడికూర కూడా ఆమే వండింది. పదిహేను రోజులు తిరక్కుండా కథ మారింది. బెంగుళూరు కచేరీలో ఆ క్యాసెట్టులోని పాట ఎత్తుకోగానే ముందున్న వందమంది చేతులు పైకెత్తి “చేతులు లేవా!” అని అరిచారట. తెలుగు రాని పిల్లలు కూడా అరిచారట. గంగాభవాని వచ్చి చెప్పింది. గోపీచంద్ మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. తర్వాత వేసిన ప్రతి క్యాసెట్టులోనూ ఆ గొంతు ఉంచాడు.

ఇప్పుడు పుస్తకంలో ఇలా ఉంది: ‘ఈ పాటకు ప్రాణం పోసింది పేరు తెలియని ఒక శ్రామిక స్త్రీ గొంతు. గోపీచంద్ దాన్ని ఎంతో శ్రమించి సేకరించాడు.’

కెంపమ్మ రెండుసార్లు చదివింది. తప్పు చదివానేమోనని వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని మూడోసారి చదివింది. పేరు తెలియని. పొద్దున ఇతనికి నాలుగు దోసెలు వేసింది. నాలుగోది మాడిందని పక్కన పెట్టి ఐదోది అడిగాడు. మొగుడు తన కుట్టును ‘నా కుట్టు’ అన్నాడు, అది పాత కాలం అనుకుంది. ఇతను ఎవరి పని వాళ్ళే అని సిద్ధాంతం చెప్పి, ఆమె గొంతును అడవిలో పుట్టతేనె పిండినట్టు సేకరించాడు. ఆ మొగుడే నయం. కనీసం సిద్ధాంతం చెప్పలేదు.

సాయంత్రం అతను షెడ్డులోంచి టీకి వస్తే, గంగాభవాని కూడా ఉండగానే అడిగింది.

“గోపీ, నా పేరేందప్పా?”

“ఏంటమ్మా, ఇప్పుడీ పరీక్ష?” అని నవ్వాడు.

“చెప్పు.”

“అమ్మ పేరు అమ్మే కదా.” ఆమె నవ్వలేదు. అతను గంగాభవాని వైపు చూశాడు, ఆ పిల్ల టీగ్లాసులోకి చూసింది. “అదే... నంజప్ప గారి... పార్సిళ్ళ మీద నంజప్ప తార్పాయి అనే కదా రాస్తాం...”

“పదేండ్లప్పా” అంది కెంపమ్మ.

“కెంపమ్మ” అంది గంగాభవాని తలెత్తకుండా. “అత్త పేరు కెంపమ్మ. పుస్తకం అచ్చుకు పోయే ముందు నాకు చూపించింటే చెప్పుందును కదా అన్నా.”

గోపీచంద్ నొచ్చుకున్నాడు. మంచివాడే, అదే చిక్కు. మంచం అంచున కూర్చుని మెల్లగా నచ్చజెప్పాడు. “చూడండమ్మా, అచ్చయిపోయింది. ఇప్పుడు మార్చలేం. మళ్ళీ వేస్తే తప్పకుండా పెడదాం. అయినా అసలు విషయం చెప్పనా? పేరు లేకపోతేనే ఆ గొంతుకు బలం. ఎవరో, ఎక్కడో, కోట్లాది స్త్రీల గొంతు అనిపిస్తుంది. పేరు పెడితే మా ఇంట్లో వంట చేసే అమ్మ గొంతు అయిపోతుంది, అంతే.”

“మీ ఇల్లు కాదప్పా, నా ఇల్లు” అంది. అతను వినలేదు, టీ ఇంకొంచెం ఉందా అని అడిగాడు.

ఆ తర్వాత ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. గోపీచంద్ తేలికపడ్డాడు. పన్నెండు రోజులు ఆమె వంట ముగించుకుని గట్టు మీదే కాగితాలు పెట్టుకుని రాసింది. అన్నం రెండు రోజులు అడుగంటింది, ఒకరోజు చారులో పులుపు లేదు. అడిగినవాళ్ళకు చింతపండు డబ్బా చూపించింది. రాసింది గంగాభవానికి చూపిస్తే, “తప్పులు దిద్దాల్నా అత్తా?” అంది. “నా అర్థం మారకుండా ఉంటే వదిలేయ్” అంది కెంపమ్మ. “అన్నను ఒక మాట అడుగుదామా?” అంది గంగాభవాని. “ఎవురి అనుమతీ అడగొద్దని చెప్పింది ఆయప్పే కదే” అంది కెంపమ్మ. ఆ పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇక్కడి నుంచి ఉన్నది ఇంకా జరగలేదు; నకళ్ళు తీయకముందే రాయాలి కాబట్టి, పదేళ్ళుగా చూస్తున్న మనిషి ఏం చేస్తాడో తెలిసే, జరిగినట్టే రాసింది. హోసూరు బస్టాండు దగ్గర జిరాక్సు అంగట్లో రెండు వందల నకళ్ళు తీయించుకుని ఇద్దరూ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు.

ఆదివారం గోపీచంద్ వ్యాను తీసుకొచ్చాడు. సంచులన్నీ మూతులు కుట్టి, అట్టపెట్టెల్లో పేర్చి, వాకిట్లో సిద్ధంగా ఉన్నాయి.

“క్యాసెట్టు, పుస్తకం, రెండూ పెట్టారు కదమ్మా?”

“పెట్టినానప్పా.”

“ఏమీ మరిచిపోలేదుగా?”

“ఈసారి ఏమీ మరిచిపోలేదు.”

అతను ఒక సంచి తీసి కుట్టు మీద వేలు రాశాడు. “మీ కుట్టంటే కుట్టేనమ్మా. బ్లేడు ఉంటే గానీ తెరుచుకోదు” అని మెచ్చుకుని, మొదటి పెట్టె పైకెత్తబోయి బరువుకు వంగి, “ఒక చేయి వేయండమ్మా” అని పిలిచాడు.

కెంపమ్మ అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది.

“చేతులు లేవా?” అంది.

గోపీచంద్ పాట గుర్తుచేస్తోందనుకుని గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే పెట్టెలన్నీ ఒక్కడే ఎక్కించుకుని వెళ్ళాడు.

బ్లేడుతో సంచి కోసి, పుస్తకం మధ్యలో ఈ కాగితాలు చూసి ఇవేమిటా అనుకున్న మీకు, ఆ పేరు తెలియని గొంతు చెప్పుకునేది ఇంతే:

కెంపమ్మ, యాభై తొమ్మిదేళ్ళు. ఉండేది హోసూరు దగ్గర జూజువాడిలో, నా అంగడిలో.