కత్తెరక్క మానేసిన మాత్ర

ఆ వీధిలో ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించే దుకాణం ఆమెదే. అందరూ ఆమెను కత్తెరక్క అనేవారు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాక, తలమీద కొత్త జుట్టు కాస్త మొలవగానే దుకాణం తెరిచింది. ఆ పొట్టి జుట్టు బాగుందని ఎవరైనా అంటే, "ఈ కటింగు నా దగ్గర దొరకదమ్మా, ఆస్పత్రిలోనే చేస్తారు" అని నవ్వించేది.

పెద్ద గండం గడిచిందని ఇంట్లో ఊపిరి పీల్చుకున్నారు. ఇక మిగిలింది ఒక చిన్న మాత్ర. జబ్బు తిరగబెట్టకుండా ఒంట్లో హార్మోన్‌ను అణిచి ఉంచే మందు అది. ఐదేళ్ళు వాడాలన్నాడు డాక్టరు.

అది మొదలుపెట్టాక ముందు ఒంట్లోంచి సెగలు తన్నుకొచ్చేవి. తర్వాత కీళ్ళు పట్టేయసాగాయి. పొద్దున్నే వేళ్ళు వేడినీళ్ళలో పెడితే గాని విచ్చుకునేవి కావు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. భర్త దగ్గరికి వస్తే లోపల పొడిబారి మంటపుట్టి, ఏదో సాకు చెప్పి అటు తిరిగి పడుకునేది. ఆ సంగతి ఎవరితో చెప్పుకుంటుంది? నొప్పుల గురించి మాత్రం డాక్టరుతో అంది. ఆయన రిపోర్టుల్లోంచి తలెత్తకుండానే, "ప్రాణం కన్నా ఎక్కువా అమ్మా? కాస్త ఓర్చుకోండి" అన్నాడు. మళ్ళీ ఆమె ఆ ఊసెత్తలేదు.

ఒకరోజు ఒక టీచరుకు జుట్టు కత్తిరిస్తుండగా బొటనవేలు కత్తెర పిడిలో బిగుసుకుపోయింది. లాక్కోబోతే మొన టీచరు చెవికి గీసుకుంది. తెల్లగుడ్డ మీద నెత్తురు పడింది. టీచరు ఏం పర్లేదంది గాని, మళ్ళీ ఆ దుకాణం మెట్లెక్కలేదు. కొన్నాళ్ళకు వేరే చోట కత్తిరించుకున్న జుట్టుతో తలవంచుకుని దుకాణం ముందునుంచే వెళ్ళింది.

టీచరు అలా వెళ్ళిన మర్నాడు కత్తెరక్క మాత్ర వేసుకోలేదు. ఒక్క వారం ఆపి చూద్దామనుకుంది. వారం నెలయింది. వేళ్ళు సడలాయి. నిద్ర పట్టింది. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త, "హమ్మయ్య, పాత మనిషివయ్యావు" అని మురిసిపోయాడు. మందు ఒంటికి పడిందని ఆయన నమ్మకం. రోజూ ఆమె మాత్రను అట్టలోంచి తీసి సింకులో వేసి నీళ్ళు వదిలేది. స్నానం చేసేటప్పుడు చెయ్యి దానంతటదే చంకలోకి పోయేది. గడ్డేమీ లేదని తేలాక కూడా ఇంకోసారి వెతికేది.

చెకప్‌కు భర్త సెలవు పెట్టి వెంట వచ్చాడు. నర్సు బీపీ చూస్తూ మాత్రల గురించి అడిగితే ఆయనే అందుకుని, "ఒక్కరోజు కూడా తప్పలేదండీ" అన్నాడు. నర్సు కత్తెరక్క ముఖం చూసింది. బీపీ మళ్ళీ చూడాలంటూ ఆయన్ను బయట కూర్చోమంది. తలుపు వేసి, "ఈ మాత్రలు పడక చాలామంది మధ్యలో ఆపేస్తారక్కా. మీకెలా ఉంది?" అంది.

"మానేశాను," అంది కత్తెరక్క. "చలికాలం నుంచి."

ఆ తర్వాత మాట ఆగలేదు. వేళ్ళ సంగతి, టీచరు చెవి, చివరికి భర్తకు దూరంగా జరగడం కూడా చెప్పేసింది. నర్సు కసురుకోలేదు. డాక్టరుకు తనే విడమరిచి చెప్పింది. ఆయన ఈసారి రిపోర్టులు పక్కన పెట్టి, నొప్పులన్న రోజే తను సరిగ్గా అడిగి ఉండాల్సిందన్నాడు. అదే పనిచేసే ఇంకో మందు రాశాడు. ఆ మంటకు పూతమందు రాశాడు. నొప్పులు మళ్ళీ వస్తే ఆపేయకుండా ముందు ఫోన్ చెయ్యమన్నాడు. మానేసిన నెలల్లో లోపల ఏం జరిగి ఉంటుందని ఆమె అడిగితే, ఇప్పుడే చెప్పలేనన్నాడు.

ఇంటికి వెళ్ళే బస్సులో, మాత్రలు సింకులో వేసిన సంగతి భర్తకు చెప్పింది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరంత సంబరపడుతుంటే నోరు రాలేదు."

"నీ చావు సింకులో దాచి నన్ను సంబరపడమన్నావా?" అన్నాడాయన. అనేశాక కిటికీ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

కొత్త మాత్రకు కూడా నొప్పులు వచ్చాయి గాని, మునుపంత కాదు. కత్తెర పట్టుకోగలుగుతోంది. ఎక్కువ సేపు పట్టే పనులు మానుకుంది. పొద్దున్నే భర్త తలుపు దగ్గర బూట్లు వేసుకుంటూ, "వేసుకున్నావా?" అని అడుగుతాడు. వేసుకున్నానంటుంది. ఆయన వెంటనే కదలడు. ఆమె ముఖంలోకి కాసేపు చూసి, అప్పుడు సంచీ అందుకుంటాడు.