ఆ చివర పట్టుకో

నేను ఒక తెల్ల దుప్పటిని. చీరాలలో గుంటమగ్గం మీద పుట్టాను. నన్ను నేసినాయన పేరు తెలియదు గానీ ఆయన దగ్గు గుర్తుంది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా మగ్గం ఆపి, పోగుల మీద తుంపర పడకుండా మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఎవరింటికి పోతానో తెలియని నాకు అంత మర్యాద చేసిన మొదటి మనిషి. ఆయనకు నా మొదటి దండం.

తెనాలిలో రత్నమాల నన్ను కొంది. మనుషుల లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు. మంచి దుప్పటి చుట్టాలకు, చిరుగుల దుప్పటి తమకు. చుట్టాలేమో రోజూ రారు. ఏళ్ళ తరబడి బీరువాలో కలరా ఉండల వాసన పీలుస్తూ కూర్చున్నాను. ఒకరోజు రత్నమాల నన్ను ఇస్త్రీ చేస్తుండగా వంటింట్లో కుక్కరు కూసింది. ఆవిడ కుక్కరు దింపి వచ్చేసరికి నా మూల ఒకటి గోధుమరంగు తిరిగి, రూపాయి బిళ్ళంత చిల్లు పడింది. డబ్బాలో తెల్లదారం లేదు. ఉన్న ఆకుపచ్చ దారంతోనే అల్లి కుట్టేసింది.

"ఎవరు చూడొచ్చారులే, మడతలో పోతుంది" అంది.

అప్పుడే కూతురు తుషారకు నన్ను మడవడం నేర్పింది. ఇద్దరూ చెరో చివరా పట్టుకోవాలి, ఒకసారి గట్టిగా విదిలించాలి, మొదటి మడత మామూలే, రెండో మడతలో కుట్టున్న మూల లోపలికి పోవాలి. ఏ బీరువా తెరిచినా పైకి తెల్లగానే కనిపించాలి. పదేళ్ళ తుషార నాలుగు రోజుల్లో ఆ పని నేర్చేసుకుంది.

కుట్టు పడ్డాక చుట్టాల హోదా పోయి డాబా ఎక్కాను. వేసవిలో నా మీద బియ్యప్పిండి వడియాలు పెట్టేవారు. తుషార కర్ర పుచ్చుకుని కాకుల్ని తోలేది. పడకగదిలో కన్నా అక్కడే నాకు బాగుండేది. పైన ఆకాశం, పక్కన పిల్ల.

తుషార ఉద్యోగానికి విశాఖపట్నం వెళ్ళేటప్పుడు రత్నమాల నన్ను పెట్టెలో సర్దింది. అక్కడ మేడ మీద రెండు గదుల వాటా. కొన్నాళ్ళకు ఆ వాటాలోకి షారోన్ వచ్చింది. గుంటూరు పిల్ల, బళ్ళో లెక్కలు చెబుతుంది, నవ్వితే ముందు భుజాలు కదులుతాయి. రత్నమాలకు తెలిసినంతవరకూ ఆ అమ్మాయి అద్దెలో సగం కట్టే రూమ్మేటు. నేను ఆ ఇంటి దుప్పటిని. నాకు ముందే తెలుసు.

తుషార పగలు ఉద్యోగం చేసి, మిగిలిన వేళల్లో చిన్న సినిమాలు తీసేది. థియేటరుకు పోని సినిమాలు. తనలాంటి వాళ్ళు ఊళ్ళో ఇంకొందరున్నారు. అమ్మాయిని ప్రేమించిన అమ్మాయిలు, అబ్బాయిని ప్రేమించిన అబ్బాయిలు, పుట్టినప్పుడు పెట్టిన పేరు వదిలేసి తమ పేరు తామే పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళ కథలు వాళ్ళే తీసుకుని నెలకో ఆదివారం మా డాబా మీద చూసుకునేవారు. తెర కొనే స్తోమత లేదు. నన్ను రెండు గుంజల మధ్య బట్టల క్లిప్పులతో కట్టేవారు.

ఏమేం చూశానని చెప్పను. ఒక ప్రయోగాత్మక చిత్రంలో ఎనిమిది నిమిషాలూ ఫ్యాను తిరిగింది. అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. అర్థం కాలేదని ఒక్కరూ అనలేదు. నాకూ కాలేదు గానీ గాలి తగిలినట్టుంది. ఇడ్లీబండి నడిపే సత్యవతి మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. ఆమె మగపిల్లాడిగా పెరిగి, పాతికేళ్ళకు చీర కట్టి, ఆ చీర కోసం ఇల్లు వదిలిన మనిషి. తన సినిమా తనే చూసి, "ఇడ్లీ పాత్రని అంతసేపు సూపించినారు, నా మొకం మాత్రం సిటికెలో అయిపోయింది. ఇదెక్కడి నాయం?" అని అడిగింది. ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు.

తుషార కూడా ఆరు నిమిషాల సినిమా ఒకటి తీసింది. మాటలుండవు, మొహాలుండవు. రెండు జతల చేతులు, తనవీ షారోన్‌వీ, ఒక దుప్పటిని మడుస్తాయి, అంతే. ఆ దుప్పటిని నేనే.

దాన్ని చూపించాల్సిన ఆదివారానికి నాలుగు నెలల ముందు తుషార తల్లికి ఫోన్లో చెప్పేసింది. "షారోన్ రూమ్మేట్ కాదమ్మా. నాకు సంబంధాలు చూడకు. మేమిద్దరం కలిసే బతుకుతాం."

"పాలు పొంగుతున్నాయి, ఉంటాను" అని రత్నమాల ఫోను పెట్టేసింది. ఆ పాలు నాలుగు నెలలు పొంగాయి. తుషార ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడయింది. రత్నమాల. చేతిలో సంచీ, రైలు ప్రయాణానికి నలిగిన చీర.

"కళ్ళు మసగ్గా ఉంటున్నాయి. రేపు ఇక్కడ డాక్టరుకి చూపించుకుందామని" అంది. తెనాలికీ విశాఖకీ మధ్య కళ్ళ డాక్టరే లేనట్టు.

తుషార మంచినీళ్ళిచ్చి, షారోన్‌ని వంటింట్లోకి లాగి గుసగుసగా అంది. "సాయంత్రం నా సినిమా వెయ్యకుండా వదిలేద్దాం. నాలుగు నెలలకి గడప తొక్కింది. చూసి మళ్ళీ వెళ్ళిపోతే నా వల్ల కాదు."

"సరే. నీ అమ్మ, నీ సినిమా" అంది షారోన్. భుజాలు కదల్లేదు.

తుషార ప్రొజెక్టర్ అడిగి తేవడానికి వెళ్ళింది. ఇక్కడొక పొరపాటు చెప్పాలి. తెర ఇంకా తెల్లగా ఉండాలని షారోన్ ముందురోజు నన్ను నానబెట్టి, నీలిమందు సీసా తిన్నగా నా మీదే వంపేసింది. నట్టనడుమ సముద్రమంత నీలిమచ్చ. దండెం మీద నన్ను చూసి రత్నమాల ఆగిపోయింది.

"ఇదెవరి నిర్వాకం?"

"నేనేనండీ" అంది షారోన్.

"నీలిమందు నీళ్ళలో కలిపి గుడ్డ ముంచుతారు గానీ, గుడ్డ మీద పోస్తారటమ్మా? లెక్కలు చెబుతావుట, బకెట్టుకి ఎన్ని చుక్కలో తెలీదూ?"

వేణ్ణీళ్ళు పెట్టించింది. నిమ్మకాయలు పిండించింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, నన్ను మూడుసార్లు ముంచి తీసింది. మచ్చ పోయింది. పల్చగా గంజి పెట్టి ఆరేసింది. ఈ దుప్పటి ఎందుకని ఒక్కమాట అడగలేదు.

మధ్యాహ్నానికి ఆరాను. గంజి పెట్టిన దుప్పటిని ఒక్కరు సాపు చెయ్యలేరు, ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగాలి. రత్నమాల అటూ ఇటూ చూసింది. తుషార ఇంకా రాలేదు. కాస్సేపు నన్ను పట్టుకుని ఊరికే నిలబడి, చివరికి అంది. "ఏమమ్మాయ్, ఆ చివర పట్టుకో."

షారోన్ పట్టుకుంది. లాగారు, విదిలించారు, మడిచారు. రెండో మడతలో కుట్టున్న మూలని షారోన్ మణికట్టు తిప్పి లోపలికి తోసేసింది.

"ఇలా ఎవరు నేర్పారు?"

"తుషారండీ."

రత్నమాల నన్ను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

పొద్దుగూకాక నన్ను గుంజలకు కట్టారు. ఇరవై మంది దాకా వచ్చారు. రత్నమాల వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పక్కన సత్యవతి. ఫ్యాను లాంటిదే ఇంకో సినిమా వచ్చింది, ఈసారి కుళాయి. "ఇదేటమ్మా, నీళ్ళు పోతన్నాయి, ఎవులూ కట్టరేటి?" అని సత్యవతి అడిగితే, "నేనూ అదే చూస్తున్నానమ్మా" అంది రత్నమాల. ఇద్దరికీ స్నేహం కుదిరింది.

నాలుగు సినిమాలయ్యాక తుషార లేచింది. "ఇవాళ్టికి ఇంతేనండీ."

"నీదేదీ?" అంది వెనక నుంచి రత్నమాల.

తుషార ప్రొజెక్టర్ వైపే చూస్తూ నిలబడింది.

"మీ బాబాయి కూతురు ఇవాళ్టి సినిమాల కాగితం ఫోన్లో పంపించింది, దాని మీద నీ పేరుంది. కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. నీ సినిమా చూద్దామనే వచ్చా." సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. "వెయ్యి."

తుషార మీట రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారికి వేసింది. నా మీద నేనే కనిపించాను. రెండు జతల చేతులు విదిలించాయి, మడిచాయి, ఒకదాని దగ్గరికి ఒకటి నడిచాయి. చివర్లో కుట్టున్న మూల లోపలికి పోలేదు. మడత మీద, అందరికీ కనిపించేలా, ఆకుపచ్చగా ఉండిపోయింది.

దీపాలు వేశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ కుర్చీలోని మనిషి వైపే చూస్తున్నారు.

"చివరి మడత తప్పింది" అంది రత్నమాల.

"తప్పలేదమ్మా" అంది తుషార. "తెలిసే అలా పెట్టాం."

రత్నమాల లేచి నా దగ్గరికి వచ్చింది. క్లిప్పులు ఒక్కొక్కటే తీసింది. నన్ను చేతిలోకి తీసుకుని పిలిచింది.

"షారోనూ, ఆ చివర పట్టుకో."

అంతవరకూ ఆవిడ నోట ఆ పేరు రాగా నేను వినలేదు. ఇద్దరూ విదిలించారు. మొదటి మడత వేశారు. రెండో మడత దగ్గర రత్నమాల మణికట్టు అలవాటు కొద్దీ తిరగబోయి ఆగింది. కుట్టును బొటనవేలితో ఒకసారి నిమిరింది. తర్వాత దాన్ని పైకే ఉంచి మడత నొక్కింది.

"సూసినావా, ఇప్పుడు సరిగ్గా కుదిరింది" అంది సత్యవతి.

తుషార ఏడుస్తూనే ఫోనుతో అదంతా తీసుకుంటోంది.

ఇప్పుడు వాళ్ళకు అసలైన తెర ఉంది, చుట్ట చుడితే గొట్టంలోకి పోతుంది. నేను నేత చివికి, మంచానికీ పనికిరాక, బీరువా కింది అరలో ఉన్నాను. ఫిర్యాదేం లేదు. దగ్గొస్తే మగ్గం ఆపిన చేతులకూ, చిల్లు కుట్టిన చేతులకూ, నీలిమందు గుమ్మరించిన చేతులకూ రుణపడి ఉన్నాను. తలుపు తీసినవాళ్ళకు ముందుగా నా ఆకుపచ్చ మూలే కనిపిస్తుంది. రత్నమాల వచ్చిన ప్రతిసారీ నన్ను దులిపి మళ్ళీ మడుస్తుంది. అవతలి చివర షారోన్ పట్టుకుంటుంది.

ఆరు నిమిషాల ఆ సినిమా ఇప్పుడు ఏడు నిమిషాలు.