మూడో ముక్క

"మూడు ముక్కలూ తెస్తేనే కొత్త సూది" అంది సూదుల పిన్ని, తలెత్తకుండానే.

కిటికీ అవతల నిలబడ్డ టైలరమ్మ అరచేతిలో రెండు ముక్కలు పెట్టుకుని బతిమాలుతోంది. "మూడోది నూకంత లేదు పిన్నీ. ఎక్కడో ఎగిరిపోయింది. అవతల లైను ఆగిపోయింది, సూపర్‌వైజర్ చంపేస్తాడు."

"వాడు చంపకపోతే నేను చంపుతాను. ఇదిగో అయస్కాంతం. మిషన్ కింద, నీ ఒళ్ళో, నీ జడలో, అంతా చూసుకుని రా."

టైలరమ్మ గొణుక్కుంటూ వెళ్ళింది. ఐదు నిమిషాల్లో ముక్క దొరికింది, అన్నట్టుగానే ఆమె జడలోనే. పిన్ని ముఖంలో గెలుపు తాలూకు మెరుపేమీ లేదు. మూడు ముక్కలనూ తెల్ల కాగితం మీద వరసగా పేర్చి, కలిపితే నిండు సూది అవుతోందో లేదో కొలిచి చూసి, పైన పారదర్శకమైన టేపు అంటించింది. తేదీ, టైము, లైను నంబరు రాసింది. టైలరమ్మ చేత సంతకం పెట్టించుకున్నాకే కొత్త సూది ఇచ్చింది.

అది పసిపిల్లల బట్టలు కుట్టే ఫ్యాక్టరీ. బొత్తాం అంత బొమ్మలున్న చొక్కాలు, అరచెయ్యంత మేజోళ్ళు, ముడి కట్టుకునే టోపీలు పెట్టెలకెత్తి ఎక్కడెక్కడికో పంపుతారు. వాటిలో ఏ ఒక్కదానిలో సూది మొన దొరికినా వాటిని కొనే కంపెనీ వాళ్ళు ఆర్డరు మొత్తం వెనక్కి కొడతారు. అందుకని మూడు వందల మిషన్లకీ కలిపి సూదులన్నీ ఒకే గదిలో, ఒకే మనిషి చేతిలో ఉంటాయి. ఆ మనిషికి ముక్కు మీద కోపం. పంతొమ్మిదేళ్ళుగా ఆమెతో పోట్లాడనివాళ్ళు ఆ హాల్లో లేరు, గెలిచినవాళ్ళూ లేరు.

పిన్ని సన్నగా, కాస్త ముందుకి వంగి ఉంటుంది. కళ్ళజోడు జారిపోకుండా వెనక ఎలాస్టిక్‌తో కట్టుకుంటుంది. కుడి చూపుడువేలు మొదటి కణుపు దగ్గర కొక్కెంలా వంగి ఉండిపోయింది. అందుకని కలాన్ని నడిమివేలికీ బొటనవేలికీ మధ్య ఇరికించుకుని రాస్తుంది. ఆ రాత మాత్రం అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ఇంట్లో కూడా ఇదే వరస. ఆమెతోనే ఉంటూ ఇదే ఫ్యాక్టరీలో ఇస్త్రీ సెక్షన్లో పనిచేసే చెల్లెలు అందరికీ చెప్పి నవ్విస్తుంది: "మా అక్క అన్నం కూడా మొనలేమైనా ఉన్నాయేమోనని కెలికి కెలికి తింటుంది."

ఆ ఉదయం ఫ్యాక్టరీ అంతా కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతోంది. పదకొండు గంటలకి కంపెనీ తరఫున తనిఖీ మనిషి వస్తోంది. మంటలార్పే సిలిండర్ల మీద దుమ్ము తుడిచారు. మందుల పెట్టెలో మందులు నింపారు. వేధింపులుంటే ఫోన్ చెయ్యమనే నంబరు గోడకి అంటించారు, జిగురింకా ఆరలేదు. సూపర్‌వైజర్ ఒక్కో లైను దగ్గరా ఆగి, "పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు అనాలి. గుర్తుందా?" అని వల్లె వేయిస్తున్నాడు. ఆ మాట నిజమే. ఈ హాల్లో ఎవరూ లేరు.

తొమ్మిదిన్నరకి వెనక తలుపు దగ్గర టెంపో ఆగింది. డ్రైవరు ఎప్పటిలాగే అగ్గిపెట్టె ఒకటి పిన్ని బల్ల మీద పెట్టాడు. అందులో రెండు విరిగిన సూదులు, ఒక చీటీ. చీటీ మీద అక్షరాలు లావుగా, వంకరటింకరగా, గీత దాటి పోతూ ఉన్నాయి. రెండేళ్ళుగా ఆ చీటీలు వస్తున్నాయి. అవి ఎక్కడినుంచి వస్తాయో ఫ్యాక్టరీ కాగితాల్లో ఎక్కడా ఉండదు. ఆర్డర్లు ఎక్కువైనప్పుడు పాత పిండిమర వెనకున్న షెడ్డుకి గుడ్డ వెళ్తుంది, చొక్కాలై వస్తుంది. ఆ షెడ్డు లేనట్టే లెక్క. కానీ మేనేజరుకి సూది మొన అంటే ప్రాణభయం. అన్నీ దాచగలిగిన మనిషి సూదుల పుస్తకం లేకుండా మాత్రం ఉండలేకపోయాడు. "అక్కడి ముక్కలు వేరే పుస్తకంలో అంటించండమ్మా" అన్నాడు. పిన్ని అంటించింది. ఆ చీటీలు ఏ చేతులు రాస్తున్నాయని అడగలేదు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాలి.

మొదటి సూది మూడు ముక్కలూ ఉన్నాయి. రెండోదానికి మొన లేదు.

"మూడో ముక్కేదీ?"

డ్రైవరు తల గోక్కున్నాడు. "గుడ్డలో లేదు పిన్నీ. సూదిని పసిగట్టే మిషన్‌తో చూశారు, బట్టలన్నీ బాగానే ఉన్నాయి."

"బట్టల సంగతి నేనడగలేదు. ముక్కేదీ?"

"వేల్లో ఉందట."

"ఎవరి వేల్లో?"

"అక్కడో పిల్ల ఉందిలే. మొన్న సాయంత్రం గుచ్చుకుంది. గుడ్డ కట్టి కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్తే వయసడుగుతారు కదా. తనిఖీ వాళ్ళు వెళ్ళాక చూస్తామన్నారు."

"ఎంతుంటుంది ఆ పిల్ల?"

"నాకేం తెలుసు పిన్నీ. నా నడుం దాకా వస్తుంది."

"వాళ్ళమ్మా నాన్నా?"

"ఎక్కడో ఊళ్ళలో ఉంటారు. ఈ పిల్లలు అక్కడే తింటారు, అక్కడే పడుకుంటారు. బయట తాళం. నన్నడగకు పిన్నీ, నేను బండి తోలేవాణ్ణి." వాడు ఆమె కళ్ళలోకి చూడకుండా వెళ్ళి బండి పక్కన బీడీ వెలిగించుకున్నాడు.

పిన్ని వంగిన వేలు సలిపింది. ముప్ఫై రెండేళ్ళ వయసులో, లైను మీద ఉన్నప్పుడు, సూది ఆ వేల్లోనే దిగి విరిగింది. షిఫ్టయ్యాక చూద్దామన్నారు. షిఫ్టయ్యాక రేపన్నారు. మూడో రోజుకి వేలు వంకాయలా ఉబ్బి, నొప్పి మోచేతి దాకా పాకింది. డాక్టరు మొన తీశాడు గానీ వేలిని నిటారుగా చెయ్యలేకపోయాడు. ఆ తర్వాత నాలుగైదేళ్ళు దారాలు కత్తిరిస్తూ, పెట్టెలు మోస్తూ గడిపింది. అప్పుడే కొత్తగా చేరిన ఈ మేనేజరు ఒకరోజు ఆమె చేతిరాత చూసి ఈ గదిలో కూర్చోబెట్టాడు. ఆయన లేకపోతే తనకీ, చెల్లెలికీ ఏ దిక్కూ లేకపోయేదని పిన్నికి తెలుసు. ఆ సంగతి ఏ ఒక్కరోజూ మర్చిపోలేదు.

ఆమె రెండో సూది రెండు ముక్కల్నీ అంటించింది. మొన ఉండాల్సిన చోట టేపు కింద కాగితం ఖాళీగా ఉంది. కలం పట్టుకుని పేజీ ముగించబోయింది. ముగించలేకపోయింది.

పదిన్నరకి మేనేజరు గదిలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చెమట. "అమ్మా, ఆ రెండో పుస్తకం మీ సంచీలో పెట్టేసుకోండి. సాయంత్రం నేను తీసుకుంటాను."

"సార్, ఒక ముక్క రాలేదు."

"తెలుసు. తనిఖీ అయిపోనివ్వండి."

"రెండు రోజులైంది సార్. మొన లోపల నడుస్తుంది. నా వేలు చూశారు కదా."

"మధ్యాహ్నం పంపిస్తానమ్మా, నన్ను నమ్మండి" అని ఆయన వెళ్ళిపోయాడు. ఆయన అబద్ధాలకోరు కాడు. ఆనాడు షిఫ్టయ్యాక చూద్దామన్న పెద్దమనిషి కూడా అబద్ధాలకోరు కాడు.

తర్వాత పిన్నికి కాలు నిలవలేదు. అయస్కాంతాన్ని మూడుసార్లు తుడిచింది. సూదుల డబ్బీలు సైజుల వారీగా ఉన్నవే తీసి మళ్ళీ సైజుల వారీగా సర్దింది. ఒక టైలరమ్మ ముక్కలు తెచ్చిస్తే కొలవకుండా అంటించేసి కొత్త సూది ఇచ్చేసింది. ఆ టైలరమ్మ నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ఒంట్లో బాగుందా పిన్నీ?" అని అడిగింది. ఉండబట్టలేక పిన్ని ఇస్త్రీ సెక్షన్ దాకా వెళ్ళి, ఆవిరి మధ్య చెల్లెలి చెవిలో విషయం చెప్పింది.

చెల్లెలు ఇస్త్రీపెట్టె ఆపలేదు. "అక్కా, నీకు దండం పెడతాను. నోరు మూసుకుని కూర్చో. నిన్ను తీసేస్తే నన్నుంచుతారా? ఈ వయసులో మనకి పనెవడిస్తాడు?"

"ఆ పిల్ల వేలు..."

"ఆ పిల్ల మనకేమవుతుంది?"

చెల్లెలి మాట తప్పని పిన్ని అనలేకపోయింది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది, మళ్ళీ లేచింది.

తనిఖీకి వచ్చినామె చిన్నదే, ముప్ఫై దాటి ఉండదు. మడమల్లేని చెప్పులు, చేతిలో పుస్తకం. హాలంతా తిరిగి, అందరి దగ్గరా వల్లె వేసిన జవాబులే విని, విసుగు కనబడనివ్వకుండా రాసుకుంటోంది. చివరికి మేనేజరు ఆమెను సూదుల గదికి తీసుకొచ్చాడు. ఎవరొచ్చినా ఆఖరున ఇక్కడికే తెస్తాడు, పెళ్ళిచూపుల్లో పిల్ల కుట్లూ అల్లికలూ చూపించినట్టు.

ఆమె హాలు సూదుల నీలం రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పింది. ఒక్కో సూదినీ వేలితో తడుముతూ చూసింది. "ఇంత శుభ్రంగా రాసినది నేనెక్కడా చూడలేదమ్మా" అంది మనస్ఫూర్తిగా.

ఇంకో రోజైతే పిన్ని ఆ మాటని పది రోజులు తలుచుకునేది. తనిఖీ మేడమ్ పుస్తకం మూసి, నవ్వి, వెనక్కి తిరిగింది. మేనేజరు తలుపు తీసి పట్టుకున్నాడు. ఇంకో రెండడుగులు వేస్తే ఆమె వెళ్ళిపోతుంది. ఆ పిల్ల వేలు ఇంకో రాత్రి సలుపుతుంది.

"మేడమ్, ఒక ముక్క రాలేదు" అంది పిన్ని.

మేనేజరు నవ్వేశాడు. "ఈమెకి ముక్కల పిచ్చి మేడమ్. నిద్రలో కూడా అవే."

"ఏ లైనుదమ్మా?" అంది తనిఖీ మేడమ్.

"ఇక్కడి లైనుది కాదు. ఒక చిన్నపిల్ల వేల్లో ఉంది." సంచీలోంచి రెండో పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, మొన లేని పేజీ తెరిచింది. "పాత పిండిమర వెనక షెడ్డులో ఉన్నారు. బయట తాళం వేస్తారట."

మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. కోపం కంటే ఎక్కువగా, నమ్మలేకపోవడం ఉంది ఆ ముఖంలో. "మిమ్మల్నిక్కడ కూర్చోబెట్టింది నేను కదమ్మా" అన్నాడు మెల్లగా.

"అవును సార్. మూడు ముక్కలూ వచ్చేదాకా ఎవరి మాటా వినొద్దని చెప్పిందీ మీరే."

ఆయన్ని చూస్తే ఆమెకి జాలేసింది, అది కూడా నిజమే.

అక్కడినుంచి అన్నీ ఆలస్యాలే. తనిఖీ మేడమ్ ఇప్పుడే వెళ్దామంది. మేనేజరు పైవాళ్ళనడగాలన్నాడు. పైవాళ్ళు ఫోనెత్తలేదు. ఎత్తి, మళ్ళీ చేస్తామన్నారు. మేడమ్ వచ్చిన కారు గేటు బయటుంది, దాని డ్రైవరు భోజనానికెళ్ళాడు. పిన్ని కిటికీలోంచి వెనక తలుపు వైపు చూసింది. టెంపో లేదు. బీడీ ముక్క ఒక్కటే నేల మీద పొగ విడుస్తోంది.

"బండి వెళ్ళిపోయింది మేడమ్! పదండి, పదండి" అని ఆమె చెయ్యి పట్టుకుని లాగింది పిన్ని. ఆఫీసువాళ్ళ చెయ్యి పట్టుకోవడం జీవితంలో అదే మొదలు.

గేటు దగ్గర కాపలావాడు అడ్డొచ్చాడు, తల దించుకుని. "సార్ ఫోన్ చేశారు పిన్నీ. కార్డు ఇచ్చేసి వెళ్ళమన్నారు." ఆమె మెడలోంచి కార్డు తీసి అతని చేతిలో పెట్టింది. సూదుల గదిలో పంతొమ్మిదేళ్ళ కొలువు అంతే, అరనిమిషం కూడా పట్టలేదు. ఇస్త్రీ సెక్షన్ కిటికీలో చెల్లెలి ముఖం కనిపించింది గానీ, ఆవిర్లో అది కోపమో ఏడుపో తెలియలేదు.

ఆటో ఎక్కి వెళ్ళేసరికి షెడ్డు షట్టరు సగం ఎత్తి ఉంది. తాళం కింద పడి ఉంది. లోపల ఇరవై దాకా మిషన్లు రెండు వరసల్లో ఉన్నాయి. మూలన చాపలు చుట్టి నిలబెట్టారు. మనుషులెవరూ లేరు. ఓ ముసలి కాపలావాడు స్టూలు మీదనుంచి లేచి, "ఏడాదినుంచి మూసే ఉందమ్మా ఇది" అన్నాడు.

"పిల్లలేరి?" అంది మేడమ్.

"పిల్లలా? ఇక్కడ పిల్లలెందుకుంటారమ్మా? పెద్దవాళ్ళే పనిచేసేవారు, అదీ ఎప్పుడో."

పిన్ని దగ్గర్లో ఉన్న మిషన్ మోటారు మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. పక్కదాని మీద పెట్టింది. అదీ వెచ్చగానే ఉంది. ఆమెకి ఏడుపు రాలేదు, తనమీద తనకే అసహ్యం వేసింది. తొమ్మిదిన్నరకే ఎవరికైనా చెప్పి ఉంటే దొరికేవాళ్ళు. అసలు రెండేళ్ళ కిందట, మొదటి చీటీ చూసినరోజే అడిగి ఉంటే! ఆ పిల్ల ఇప్పుడు ఎగుడుదిగుడు రోడ్డు మీద, టెంపోలో, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వెళ్తూ ఉంటుంది.

"బండి నంబరు తెలుసా అమ్మా?" అంది మేడమ్, చెవి దగ్గర ఫోన్‌తో.

"పుస్తకంలో ఉంది. ఏ బండి మీద వచ్చిందో రాయకుండా నేను ముక్క తీసుకోను."

మేడమ్ తనతో తెచ్చిన ఆ రెండో పుస్తకం తెరిచి నంబరు ఒక్కో అంకె చొప్పున పోలీసులకి చదివి వినిపిస్తోంది. ఒకసారి కాదు, రెండుసార్లు. పిన్ని పక్కనున్న ఓ మిషన్ ముందు కూర్చుంది. కాలు అలవాటు కొద్దీ పెడల్ కోసం వెతికింది. మోకాలు బల్లకి కొట్టుకుంది. ఒకప్పుడు అన్నేళ్ళు మిషన్ కుట్టిన కాలికి పెడల్ అంత ఎత్తున ఎప్పుడూ తగల్లేదు. వంగి బల్ల కిందకి చూసింది.

"మేడమ్, ఇలా రండి" అంది.

కాపలావాడు మళ్ళీ ఏదో అనబోయి, ఆమె చూస్తున్న వైపు చూసి నోరు మూసుకున్నాడు. పెడల్ మీద జానెడు మందం చెక్క దిమ్మ ఒకటి, బొమ్మల గుడ్డ పీలికలతో గట్టిగా కట్టి ఉంది. దాని పైన, నడిమధ్య, బొటనవేలు ఆని ఆని చెక్క నున్నగా అరిగి ఒక చిన్న గుంట పడింది.